నీడ కరెక్షన్

గడియారం సెంటర్ పక్క సందుల
జిరాక్స్ షాపు మీది గది నాది.
కింద మిషిన్ కాయితాలకు నకళ్లు దించుతుంటది,
పైన నేను మనుషుల అంచులు కోస్తుంట.

పదేండ్లు గదే పని.
సెకనుకు ఇరవైనాలుగు బొమ్మలు.
ఒక్కో బొమ్మల వెంట్రుక వెంట్రుక చుట్టు
చుక్క పెట్టి, చుక్క కలిపి,
ఆకుపచ్చ గుడ్డల నుంచి హీరోను
సీతాఫలం గింజ లెక్క వొలిచేటోన్ని.
ఎగిరే వీరుని నడుముకున్న తీగలు నేనే మాపిన.
దేవరకొండ ఖిల్లా ఎనుక సెల్ టవర్ పీకేసిన.
రాజుల కాలంల కరెంటు ఉండొద్దని
పదకొండు స్తంభాలు కూల్చిన,
ఒక్క లైన్‌మన్‌కు చెప్పకుంట.

ఇప్పుడది నా పని కాదు.
ఒక బటన్.
చాయ్ మీద మీగడ కట్టకముందే
రెండు వందల మంది అంచులు తెగి పడ్తయి.
నాకు మిగిలింది చూసుడు.
చూసి, సరే అనుడు.
ఒక సరేకు ఎనిమిది రూపాయలు.

మొన్న రాత్రి వచ్చిన షాట్:
ఖిల్లా కింద, గెలిచిన రాజు రథం ఎంబడి జనం.
మూడో వరుసల నీలం చీర.
మా అండాలు చిన్నమ్మ.
రెండేండ్ల కింద మర్రిగూడ దిక్కు నుంచి
డీసీఎంల ఎక్కించుకపోయిండ్రు,
నాలుగు వందలు, పులిహోర పొట్లం.
పొద్దంత ఎండల చేతులు లేపుకుంట నడిచింది.

చీర ఆమెదే. చేతులు ఆమెవే.
కాళ్లు కాదు.

బోరు నీళ్లు తాగి తాగి
పన్నెండో ఏట నుంచే వంగిన కాళ్లు,
కూసుంటే లేవనియ్యని, లేస్తే కూసోనియ్యని మోకాళ్లు,
కృష్ణ నీళ్లు నల్లాల దిగేనాటికే
వంకరగనే గట్టిపడ్డ ఎముకలు.
మిషిన్ వాటిని తప్పు అనుకున్నది.
ఎవ్వలు చెప్పలే దానికి.
లచ్చల కాళ్లు చూసి నడక నేర్చుకున్నదట,
ఆ లచ్చలల్ల మా ఊరి కాళ్లు లేవు గావచ్చు.
నాలుగు సెకన్లల్ల సాపు చేసింది.
పండ్ల మీది గోధుమరంగు చారలు గూడ
తోమి తెల్లగ పెట్టింది.

నాకు ముందుగాల కోపం రాలే.
అబద్ధమెందుకు,
అబ్బ, ఎంత సక్కగున్నదనుకున్న.

హైదరాబాద్ నుంచి మెసేజ్:
"అంతా ఓకే. మూడో వరుసలో ఆవిడ నీడ మ్యాచ్ అవ్వట్లేదు.
రేపు సాయంత్రానికి సరిచేసి పంపు."

జూమ్ చేసిన.
మిషిన్ మనిషిని నిటారుగ నిలబెట్టి
నీడను మరిచింది.
మట్టి మీద రెండు కాళ్లు
కొడవండ్ల లెక్క వంగి అట్లనే ఉన్నయి.

తెల్లారి ల్యాప్‌టాప్ బండి మీదేసుకొని పోయిన.
రేకుల కింద కాళ్లు సాపుకోరాక ఒక పక్కకు ఒరిగి
చింతపండు ఒలుస్తున్నది చిన్నమ్మ.
చూపెట్టిన.
"ఎవలురా గీమె?"
నువ్వే.
"చీర నాదే. శాంతవ్వ బిడ్డ లగ్గంల పెట్టింది.
మనిషెవలు?"
మల్ల పెట్టుమన్నది. మల్ల.
ఏడుసార్లు నడిపించుకున్నది ఆ కాళ్లను.
ఎనిమిదోసారి తెర కింది అంచుల ఏలు పెట్టింది,
చింతపండు మరక పడ్డది:
"గిది నేను."
జరసేపు ఊకున్నది.
"మీద నడిచే ఆమెకు నొప్పులు ఉండయి గద?"
ఉండయన్న.
"పోనీ," అని
గింజ తీసి తట్టల ఏసింది.

వాపసొచ్చి కూసున్న.
నూట పన్నెండు ఫ్రేములు.
నీడలు సరిచేసుడు మిషిన్‌కు ఇంక సరిగ వస్తలేదు,
గందుకే నేను ఇంక ఉన్న.
కిరాయి ఐదో తారీఖు.
మోకాలు మోకాలు కాడ చుక్క పెట్టి లాగిన.
చెయ్యి అలవాటుగనే పోయింది,
తీగలు మాపినట్టే.
ఆరుంబావుకు పంపిన.
జవాబుగ పచ్చరంగు బొటనవేలు ఒకటి వచ్చింది.

ఎనిమిదింటికి చిన్నమ్మ ఫోన్:
"సిన్మా ఎప్పుడొస్తదిరా?
మా వాడోళ్లందర్ని తీస్కపోత.
గంత మందిల నిన్నెట్ల పట్టాలె అంటున్నరు.
నీడ చూడుండ్రి అని చెప్పిన."

కింద జిరాక్స్ మిషిన్ బందయింది.
దసరాకు, అన్న.